బోరు నీటికి తగిన చేపలు: అపార్ట్‌మెంట్‌లో అక్వేరియం పెట్టుకున్న నా అనుభవం

ఇంట్లో అక్వేరియం పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాక నేను ముందుగా కొన్నవి నీటిని పరీక్షించే చుక్కల కిట్టు, నీటిలో కరిగిన లవణాలను అంచనా కట్టే, చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరు. మేముండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. మా కుళాయిలో వచ్చే నీటికి ఒక్క ఊట అంటూ లేదు. 2015లో ఎల్లంపల్లి నుంచి నగరానికి చేరిన గోదావరి నీరు రోజు విడిచి రోజు సంపులో పడుతుంది; మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ మంజీరా నీళ్లనే అంటారు. అది చాలని రోజున వాచ్‌మన్ బోరు మోటారు వేస్తాడు. ఎండలు ముదిరి బోరు కూడా సన్నగిల్లితే ట్యాంకరు పిలుస్తారు. ఈ మూడు రకాల నీరూ ఒకే సంపులో కలిసి, అక్కడి నుంచి పైనున్న ట్యాంకుకు, ట్యాంకు నుంచి మా కుళాయికి వస్తుంది. అందువల్ల ఈ వారం పట్టిన నీరు పోయిన వారం పట్టిన నీటిలా ఉంటుందన్న భరోసా ఏమీ లేదు.

సంపులోకి మున్సిపల్ నీరు పడుతున్నప్పుడు గొట్టం దగ్గరే పట్టి చూస్తే మీటరు మూడు వందలకు లోపల చూపించింది. బోరు నీరు తొమ్మిది వందలు దాటింది. కుళాయి నీరు ఒక రోజు ఐదు వందలు, మరో రోజు ఎనిమిది వందలు. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుందే తప్ప అందులో సున్నం ఎంతో విడదీసి చెప్పదు. కాబట్టి కాఠిన్యాన్ని చుక్కల కిట్టుతో వేరుగా చూసుకోవాలి. బోరు నీటి విషయంలో రంగు మారేదాకా చుక్కలు వేస్తూనే ఉండాల్సి వచ్చింది. బాత్‌రూమ్ గీజరులో పేరుకునే తెల్లని పొరలు, బకెట్ అంచుకు పట్టే మరకలు దాన్ని ముందునుంచే చెబుతున్నాయి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ (ఏడు అయితే తటస్థం) ఎనిమిదికి కాస్త అటూ ఇటూగా ఉంది.

ఈ అంకెలు చూశాక రెండు దారులు కనిపించాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు వంటి అమెజాన్ ప్రాంతపు చేపలు కావాలనుకుంటే వాటికి సున్నం లేని మెత్తని నీరు కావాలి. అందుకోసం ప్రతివారం ఆర్వో నీటిని కలపాలి, ఆర్వో యంత్రం తాను ఇచ్చే నీటికంటే ఎక్కువ నీటిని డ్రెయిన్‌లోకి వదిలేస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. దుకాణాల్లో పీహెచ్ తగ్గించే మందులు అమ్ముతారు. కానీ సున్నపు నీటిలో కరిగి ఉండే బైకార్బనేట్లు ఆ మందును కొన్ని గంటల్లోనే తినేసి పీహెచ్‌ను మళ్లీ పైకి తెస్తాయి. నిలకడగా ఎనిమిది ఉన్న నీటిలో చేప బతుకుతుంది గానీ, పొద్దున ఏడు, సాయంత్రం ఎనిమిది అయ్యే నీటిలో దానికి కష్టం. రెండో దారి, మన నీటిలో పుట్టి పెరిగినట్టు ఉండగలిగే చేపలనే ఎంచుకోవడం. మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిళ్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలవి. సున్నపు నీరు వాటికి కొత్త కాదు. గప్పీలదీ అదే స్వభావం. నేను ఈ రెండో దారినే ఎంచుకున్నాను. హైదరాబాద్‌లో బోరు నీటి మీద ఆధారపడే ఇళ్లన్నిటికీ ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

తొట్టి కొలత మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 127 లీటర్లు పడుతుంది గానీ, కింద గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిలిచేది దాదాపు 110 లీటర్లు. కొత్తవారు చిన్న తొట్టితో మొదలుపెడితే సులువని అనుకుంటారు, కానీ వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. పది లీటర్ల గిన్నెలో ఒక చిటికెడు మేత ఎక్కువైతే నీరు ఆ పూటే చెడిపోతుంది. వంద లీటర్లలో అదే చిటికెడు లెక్కలోకి రాదు. బల్ల మీద పెట్టుకునే గుండ్రని గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచి పిల్లలకు కానుకగా ఇచ్చే అలవాటు నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అది జానెడు దాటి పెరిగే, ఎక్కువ వ్యర్థం వదిలే చేప. సరైన తొట్టిలో పదేళ్లకు పైగా బతకాల్సింది ఆ గిన్నెలో కొన్ని వారాలకే పోతుంది.

నీరు, గాజు, రాళ్లు కలిపితే బరువు 150 కిలోలు దాటుతుంది కాబట్టి తొట్టిని హాలు మధ్యలో కాకుండా, కింద బీమ్ ఉన్న గోడ పక్కన ఇనుప స్టాండు మీద పెట్టించాను. ఆగ్నేయంలో పెట్టాలని కొందరు, ఈశాన్యంలో పెట్టాలని మరికొందరు చెప్పారు. నేను మాత్రం ఎండ నేరుగా పడని చోటు, ప్లగ్ పాయింటు దగ్గరగా ఉన్న చోటు, నీటి బకెట్ మోయడానికి దూరం కాని చోటు చూసుకున్నాను. కిటికీ ఎండ తగిలితే వారం తిరగకముందే నీరు ఆకుపచ్చగా మారుతుంది. స్టాండు మీద ప్లైవుడ్ పలక, దాని మీద అరంగుళం థర్మోకోల్ షీటు పరిచి, తాపీమేస్త్రీలు వాడే మట్టపు బద్దను నాలుగు వైపులా పెట్టి చూశాం. ఒక కాలు కింద సన్నని రేకు ముక్క పెట్టాల్సి వచ్చింది. ఆ పని తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే కావాలి. నీరు నిండాక ఒక మూల కుంగి ఉంటే బరువంతా ఒకే అతుకు మీద పడి సిలికాన్ విడిపోతుంది. లోపలికి తేకముందు తొట్టిని బాల్కనీలో నింపి, కింద పాత వార్తాపత్రికలు పరిచి రెండు రోజులు వదిలేయడం మంచిది. ఎక్కడ చెమ్మ ఉన్నా కాగితం పట్టిస్తుంది. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫిల్టరు, లైటు తీగలను ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాలి. అప్పుడు తీగ వెంట జారే నీటిచుక్క ఆ వంపులోనే నేలకు రాలుతుంది, ప్లగ్‌లోకి పోదు. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లన్నీ కట్టేయడం మా ఇంట్లో నియమం.

అడుగున వేసే రాళ్ల మీద రెండు మూడు చుక్కల వెనిగర్ వేసి చూడాలి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. ఇప్పటికే కఠినంగా ఉన్న మా నీటికి మరింత సున్నం అక్కర్లేదు కనుక బుడగలు రాని నల్లరాతి చిన్న గులకను తీసుకుని, బియ్యం కడిగినట్టు నీరు తేటపడేవరకు కడిగాను. ఫిల్టర్లలో గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరును ఎంచుకున్నాను. చూడటానికి సాదాగా ఉన్నా అది నీటిని వడకడుతుంది, గాలినీ కలుపుతుంది, బుల్లి పిల్లచేపలను లోపలికి లాక్కోదు. మొక్కల్లో వాలిస్నేరియా మా నీటిలో అన్నిటికంటే ముందు పాకింది. అనూబియాస్, జావా ఫెర్న్‌లను మట్టిలో నాటకుండా కొయ్యకు దారంతో కట్టాను. లైటును టైమరుకు తగిలించి రోజుకు ఏడెనిమిది గంటలు మాత్రమే వెలగనిస్తాను. అంతకు మించితే అద్దాల మీద నాచు పడుతుంది.

తొట్టి, రాళ్లు, మొక్కలు సిద్ధమయ్యాక ఒక దుకాణంలో, ‘ఈరోజే నీళ్లు పోసి ఈరోజే చేపలు వదిలేయొచ్చు సార్’ అన్నారు. కొత్త తొట్టిలో చేపలు వారంలోపే చనిపోవడానికి అసలు కారణం ఈ తొందరే. చేప మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లి కూడా అమ్మోనియాగా మారుతుంది. నీటిలో స్థిరపడిన కొన్ని బ్యాక్టీరియాలు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, వేరే జాతి బ్యాక్టీరియాలు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది పరిమితిలో ఉన్నంతవరకు హాని చేయదు, దాన్ని మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగిలినది నీరు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియాలు స్పాంజి మీద, రాళ్ల మీద పొరగా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా వంటి నీటిలో ఈ ఓపిక మరింత అవసరం. అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది: 28 డిగ్రీల నీటిలో పీహెచ్ ఏడు ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, ఎనిమిది ఉంటే ఆరు దాటుతుంది. అంటే మెత్తని నీటిలో చేప ఎలాగో తట్టుకునే అమ్మోనియా, బోరు నీటిలో అదే చేపను చంపేస్తుంది.

కాబట్టి చేపలు లేకుండానే ఈ ప్రక్రియ పూర్తిచేశాను. ఇందుకు అమ్మోనియం క్లోరైడ్ వాడాను. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసారం ఇదే. అయితే తొట్టికి బజారు నవాసారం కాకుండా రసాయనాల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన పొడి తీసుకోవాలి. లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా రావాలంటే 110 లీటర్లకు సుమారు 0.7 గ్రాము సరిపోతుంది. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా మీద తూచి, గ్లాసు నీటిలో కరిగించి పోశాను. మొదట్లో అమ్మోనియా పరీక్ష గొట్టంలో నీరు, అది ఎక్కువగా ఉందని చెప్పే ముదురు ఆకుపచ్చగానే ఉండిపోయింది, రోజులు గడుస్తున్నా ఏ మార్పూ కనిపించలేదు. ఇంట్లోవాళ్లు ఖాళీ తొట్టిని చూసి, ‘చేపలెప్పుడు?’ అని అడగని రోజు లేదు. తర్వాత ఆ ఆకుపచ్చ కాస్త పసుపు వైపు తిరిగింది. అదే వారం నైట్రైట్ పరీక్షలో లేత నీలం పోయి ఊదారంగు వచ్చింది. ఆ ఊదారంగు విసుగు పుట్టించేంతకాలం నిలిచింది. అమ్మోనియా సున్నాకు వచ్చిన ప్రతిసారీ మళ్లీ అదే మోతాదు వేస్తూ పోతే, చివరికి ఒకనాడు సాయంత్రం వేసిన మందు మర్నాడు సాయంత్రానికి కనిపించలేదు, నైట్రైట్ కూడా లేత నీలానికి వచ్చేసింది. రెండూ ఇరవై నాలుగు గంటల్లో సున్నా అయితేనే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు పోగుపడిన నైట్రేట్ పోయేలా ముప్పాతిక వంతు నీరు మార్చి చేపలకోసం వెళ్లాను.

చేపలను కొనే ముందు దుకాణంలో కాసేపు నిలబడి చూడాలి. రెక్కలు ముడుచుకుని ఒక మూల ఊగుతున్నవి, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నవి ఉన్న తొట్టిలో నుంచి ఆరోగ్యంగా కనిపించే చేపను కూడా తీసుకోకూడదు. మోలీలు, ప్లాటీలలో మగదాన్ని గుర్తుపట్టడం తేలిక. ఆడదానికి పొట్ట కింద వెనక రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, మగదానికి అదే రెక్క సన్నని పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉండేలా తీసుకుంటే ఒకే ఆడచేపను తరిమి తరిమి అలసిపోయేలా చేయడం తగ్గుతుంది. తెచ్చిన సంచిని నీటిపై తేలనిచ్చి వేడిమి సమానమయ్యాక, సన్నని గొట్టంతో చుక్కచుక్కగా మన నీటిని అందులోకి వదులుతూ గంటసేపు అలవాటు చేయాలి. ఆ తర్వాత చేపను వలతో ఎత్తి వదలాలి, సంచిలోని నీటిని తొట్టిలో పోయకూడదు.

కొత్త చేపలను నేరుగా పెద్ద తొట్టిలో వేయకుండా, ముందునుంచే పెద్ద తొట్టిలో నానబెట్టిన మరో స్పాంజిని అమర్చిన ప్లాస్టిక్ టబ్బులో రెండు వారాలు ఉంచాను. ఆ జాగ్రత్త వల్ల ఎంత మేలు జరిగిందో నల్ల మోలీలు వచ్చినప్పుడు తెలిసింది. మూడోనాడు ఒకదాని తోక మీద రవ్వంత తెల్లని చుక్క కనిపించింది, మర్నాటికి అదే చేప ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు లేచాయి. ఇది తెల్లచుక్కల జబ్బు. దీనికి కారణమైన పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని తాకలేదు. అది ముదిరి రాలిపోయి, అడుగున పగిలి, వందల పిల్లలుగా నీటిలో ఈదుతూ మరో చేపను వెతుక్కునే దశలోనే చస్తుంది. నీరు వెచ్చగా ఉంటే ఈ చక్రం త్వరగా తిరుగుతుంది. అందుకే టబ్బు నీటిని 29 డిగ్రీల దగ్గర ఉంచి, గాలి పంపు జోరు పెంచి, లీటరుకు మూడు గ్రాముల లెక్కన కళ్లుప్పును వేరే నీటిలో కరిగించి రెండు విడతలుగా కలిపాను. మోలీలు ఉప్పును బాగా తట్టుకుంటాయి, మొక్కలు తట్టుకోవు. ఈ వైద్యం టబ్బులో చేయడానికి అది కూడా ఒక కారణం. చుక్కలు పోయాక కూడా వారం రోజులు ఉప్పు తీయలేదు. చుక్క కనిపించకపోతే జబ్బు పోయినట్టు కాదు, అడుగున మిగిలినవి ఇంకా పగలాల్సి ఉండవచ్చు.

ఇక వారం వారం చేసే పని. మున్సిపల్ నీరు వచ్చే రోజు సంపు గొట్టం దగ్గరే పట్టి, బాల్కనీలో ఉన్న నీలం డ్రమ్ములో నింపి పెడతాను. కుళాయి నీటిని నేరుగా పోస్తే వారానికో రకం నీరు చేపల ఒంటికి తగులుతుంది. లవణాలు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా వాటి శరీరం తట్టుకోలేదు. తొట్టి నీరు ఎంత చూపిస్తుందో మీటరుతో చూసి, డ్రమ్ములో బోరు నీటిని కొలిచి కలిపి ఆ అంకెకు దగ్గరగా తెస్తాను. మున్సిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను కాల్చడమే కాక నెలకు పైగా పెంచుకున్న బ్యాక్టీరియానూ చంపుతుంది. డ్రమ్ములో గాలిరాయి వేసి ఒక రోజు వదిలేస్తే పోతుంది. తొందరగా కావాలంటే పూర్వం ఫొటో స్టూడియోలలో హైపో అని వాడిన సోడియం థయోసల్ఫేట్ పలుకులు వంద లీటర్లకు ఒక గ్రాము చాలు. తొట్టిలో నుంచి నాలుగో వంతు నీటిని సైఫన్ గొట్టంతో రాళ్ల మధ్య మురికితో సహా లాగి, మొక్కల కుండీలకు పోస్తాం. కరివేపాకు మొక్కకు అది మంచి ఎరువు. స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. తొట్టిలో నుంచి తీసిన ఆ నీటిలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టాలి.

వేసవి హైదరాబాద్ తొట్టికి గడ్డుకాలం. మే నెలలో హాలులోని నీరు 32 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు అవసరమయ్యే ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ఐస్ ముక్కలు వేయడం సరికాదు, వేడిమి ఒక్కసారిగా పడిపోతుంది. తొట్టి పై మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీటి పైభాగాన్ని ఏటవాలుగా తాకేలా పెడితే ఆవిరవుతున్న నీరే రెండు మూడు డిగ్రీలు చల్లబరుస్తుంది. అయితే ఆవిరయ్యేది నీరే గానీ లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. తగ్గిన మట్టాన్ని బోరు నీటితో నింపుతూ పోతే నెల తిరిగేసరికి మీటరు అంకె చాలా పైకి పోతుంది. అందుకని ఆవిరైనంత నీటిని మాత్రం వంటింటి ఆర్వో నీటితో నింపుతాను. కరెంటు పోయినప్పుడు గాలి పంపు ఆగకుండా దాన్ని ఇన్వర్టరు లైనుకు కలిపాను, దానికి తోడు బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి సొరుగులో ఉంటుంది. మూసి ఉండే డబ్బా ఫిల్టర్లు వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని గంటలు ఆగితే లోపలి బ్యాక్టీరియా గాలి లేక చస్తుంది, తిరిగి ఆన్ చేసేముందు ఆ మురుగు నీటిని పారబోయాలి.

అద్దం మీది నాచు తింటుందని దుకాణాల్లో సక్కర్ చేపను దాదాపు అందరికీ అంటగడతారు. వేలెడుగా ఉన్నప్పుడు కొన్న ఆ దక్షిణ అమెరికా చేప అడుగుకు పైగా పెరుగుతుంది, తొట్టిలో పట్టదు, అప్పుడు దాన్ని తీసుకెళ్లి ఏ చెరువులోనో వదిలేస్తారు. ఒంటి మీద గట్టి పలకలుండటంతో దాన్ని తినే చేప మన చెరువుల్లో అరుదు. వలలో చిక్కితే వలనే చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో చేపల రైతులు దాన్ని దెయ్యం చేప అని పిలిచేది ఊరికే కాదు. తొట్టి చేపను, అది ఏ జాతిదైనా, చెరువులో గానీ కాలువలో గానీ వదలవద్దని ఇది చదివేవారందరినీ ప్రాధేయపడుతున్నాను. పెంచలేకపోతే తిరిగి తీసుకునే దుకాణాలుంటాయి, తీసుకునే మిత్రులుంటారు. నాచుకు మా ఇంట్లో పాత క్రెడిట్ కార్డుతో అద్దం గీకడమే మందు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పక్కింటివారికి మేత డబ్బా అప్పగించడం మంచిది కాదు. ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు, మిగిలినది కుళ్లుతుంది. ఎదిగిన చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా హాయిగా ఉంటాయి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు నీరు మార్చి, లైటు టైమరు, గాలి పంపు సరిచూసుకుంటే చాలు. అంతకంటే ఎక్కువ రోజులైతే రోజుకొక పొట్లం చొప్పున మేత కట్టి, పొట్లాల మీద తేదీలు రాసి ఇస్తాను, డబ్బా మాత్రం దాచేస్తాను. ఇంట్లో ఉన్నప్పుడు కూడా రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే వేయాలి, వారంలో ఒక రోజు ఏమీ వేయకూడదు.

మోలీలు, ప్లాటీలు గుడ్లు పెట్టవు, ఈదే పిల్లలనే కంటాయి. పెద్ద చేపల నోట పడకుండా తేలే మొక్కల వేళ్లలో దాక్కున్నవి బతికి బయటపడతాయి. అలా తొట్టిలో పిల్లలు పెరిగి మా అపార్ట్‌మెంట్‌లోనే కొందరు అడగడం మొదలుపెట్టారు. మూడో అంతస్తులోని ఒక పిల్లవాడు, ‘అంకుల్, నాకు ఆ నారింజ రంగువి కావాలి’ అని రోజూ తలుపు కొట్టేవాడు. చేపలను ఇచ్చేముందు వాళ్లింటికి వెళ్లి తొట్టి ఎండలో లేదని చూసి, వాళ్ల గాలి పంపుకు తగిలే కొత్త స్పాంజిని తెచ్చి నెల రోజులు మా తొట్టిలో నడిపించాను. ఆ స్పాంజిని తడి ఆరకుండా మా తొట్టి నీరున్న డబ్బాలో వేసి తీసుకెళ్లి అమర్చి, పిల్లవాడి చేతనే చుక్కలు వేయించి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉన్నాయని చూశాక ప్లాటీలను వదిలాం. ఇద్దరిదీ ఒకే సంపు కనుక నీటికి అలవాటు పడటానికి వాటికి ఎంతోసేపు పట్టలేదు. ఇప్పుడు మున్సిపల్ నీరు వచ్చే రోజున ఆ పిల్లవాడు కూడా ఒక బకెట్ పట్టుకుని సంపు దగ్గరికి వస్తున్నాడు.